ఉప్పు అడిగిన చేప

పెళ్ళయిన మూడో రోజునే శిరోమణి తన కొత్త ఇంటి మీద మనసు పారేసుకుంది. మొగుడి మీద అంతకు ముందే పారేసుకుని ఉంది కాబట్టి, ఆ పిల్ల దగ్గర ఇక మనసంటూ ఏమీ మిగల్లేదని ఇప్పగూడెం ఆడవాళ్ళు చెప్పుకున్నారు.

ఇల్లంటే పెద్ద ఇల్లేం కాదు. మొగుడు ముత్యం తన చేతులతో వెదురు తడికలు అల్లి, మట్టి మెత్తి, తాటాకు కప్పాడు. ఏటి వైపు ఒక చిన్న కిటికీ పెట్టాడు. అందులోంచి చూస్తే జోగేరు సరిగ్గా మూర వెడల్పున కనిపించేది. డిగ్రీ చదివిన మూడేళ్ళూ హాస్టలు గదిలో పన్నెండు ట్రంకుపెట్టెల మధ్య పడుకున్న శిరోమణికి ఆ మూరెడు ఏరు తనదనుకుంటేనే ఒళ్ళు పులకరించేది. రోజుకి నాలుగుసార్లు వెళ్ళి ఆ కిటికీలోంచి చూసి, ఏరు ఎక్కడికీ పోలేదని నిర్ధారించుకుని వచ్చేది.

చిక్కల్లా ఒక్కటే. ఆ ఇంట్లో కాపురం పెట్టడానికి వీల్లేదు.

ఇప్పగూడెం కోయల ఊరు. కొత్త కోడలు జోగేటి మడుగులో పడ్డ మొదటి చేపను వండి అత్తకు పెట్టాలి. ఆ తర్వాతే సొంత పొయ్యి రాజేసుకోవాలి. అందాకా కోడలు అత్త పక్కన పడుకోవాలి, కొడుకు అరుగు మీద పడుకోవాలి. ఇది ఆ ఊరి కట్టు. కట్టు కట్టినవాడికి కొత్తగా పెళ్ళయి ఉండదని ముత్యం అభిప్రాయం.

మరి మడుగులో వల ఎప్పుడు వేస్తారు? తగాదా తీరాక.

జోగేటి మడుగు చుట్టూ మూడు ఊళ్ళున్నాయి. ఒడ్డున ఇప్పగూడెం, కొండ మీద కొండరెడ్ల ఊరు గొందికోట, కింద రేవు దగ్గర వాల్మీకుల ఊరు రేవుపాలెం. ముగ్గురి మాట వేరు, మొక్కు వేరు, వల అల్లే తీరు వేరు. ఆషాఢంలో ఎర్రనీళ్ళు వచ్చి చేపలు గుడ్లతో మడుగుకి ఎక్కిన రోజున, ఈ ఏడు మొదటి వల ఎవరిదన్న తగాదా మొదలవుతుంది. ఊరికొక మనిషి ఇసుకదిబ్బ మీద కూర్చుని మిగతా ఇద్దరినీ తిడతాడు. తగాదా తేలేదాకా ఎవడూ మడుగులో వల తడపకూడదు. కూరకి కావాలంటే పక్క వాగుల్లో పరిగెల్లాంటి చిన్న చేపలు పట్టుకోవాలి. దసరా దాటి నీళ్ళు తేటపడి, వేసిన గులకరాయి అడుగున కనిపించిన రోజున పందెం ముగుస్తుంది. ఆ రోజు ఎవరు నవ్వితే వారు ఓడినట్టు. చివరిదాకా నవ్వని ఊరిది మొదటి వల. తర్వాత మూడు ఊళ్ళూ కలిసి వలలు వేసి, పడ్డ చేపలన్నీ సమానంగా పంచుకుంటాయి.

అంటే గెలిచినా ఓడినా వాటా ఒకటే. మరి మూడు నెలలు గొంతు చించుకోవడం దేనికయ్యా అంటే, ఆ మూడు నెలల్లో మడుగులో చేప గుడ్లు పెట్టి, పిల్లల్ని చేసి, వాటికి ఈత నేర్పి, ఓ ఇంటివాటిని చేస్తుంది. ఈ సంగతి అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. అంటే తగాదాలో పస పోతుంది.

ఇప్పగూడెం తరఫున పాతికేళ్ళుగా తిడుతున్నది శిరోమణి అత్తగారు కన్నమ్మే. ముందు కోయ మాటలో తిట్టి, అవతలివాడికి అర్థం కాకపోతే తిట్టు వృథా పోతుందని మళ్ళీ తెలుగులో తిట్టేది. ఆమె నవ్వగా చూశానని చెప్పుకున్న మనిషి ఒక్కడే. ఆయన ఆమె మొగుడు, చనిపోయాడు కాబట్టి సాక్ష్యానికి రాలేడు. గొందికోట తరఫున పల్లాల కోటిరెడ్డి. ఆయన మీసం ఆయన కన్నా ఒక నిమిషం ముందు వస్తుంది. రేవుపాలెం తరఫున కొర్రా దాసు. ఎంత తిట్టు తిట్టినా గొంతు పెంచడు, తాంబూలం ఇస్తున్నట్టు తిడతాడు.

ఎర్రనీళ్ళు వచ్చిన రోజున శిరోమణి అందరికన్నా ముందు ఇసుకదిబ్బ మీదికి పోయి కూర్చుంది. తగాదా ఎంత తొందరగా మొదలైతే అంత తొందరగా తీరుతుందని ఆ పిల్ల లెక్క.

"మీ ఊరోళ్ళ వలకున్న సిల్లులు సూసి సేపలు గుమ్మాలనుకుంటన్నాయిరా కోటిరెడ్డీ, ఇటు నుంచి వచ్చి అటు నుంచి పోతన్నాయి" అని కన్నమ్మ అందుకుంది.

"రేవుపాలెంలో పిల్లులు కూడా ఏకాదశి ఉంటన్నాయంట, సేప మొహం సూడక" అని కోటిరెడ్డి ఆ తిట్టును దాసు మీదికి తోశాడు.

దాసు నెమ్మదిగా గొంతు సవరించుకున్నాడు. "కన్నమ్మ పులుసు పెడితే సట్టిలో సేప లేచి కూకుని ఉప్పడిగిందంట. ఆ సేపే నాతో సెప్పింది."

సరిగ్గా ఆ సమయానికి ఒడ్డున జీపు ఆగింది. అందులోంచి ప్రత్యేకాధికారి పరాంకుశం గారు దిగారు. నదీ మత్స్య సంపద సామాజిక యాజమాన్య పథకం అన్నది ఆ జీపు తలుపు మీద పట్టక వెనక డిక్కీ దాకా రాసి ఉంది. ముగ్గురు మనుషులు చేతులు తిప్పుకుంటూ అరవడం చూసి ఆయన మళ్ళీ జీపెక్కి, అద్దం రెండంగుళాలు దించి, శాంతి నెలకొల్పవలసిందిగా విజ్ఞప్తి చేశారు.

పందెం మొదటి రోజునే చెడిపోతుందేమోనని శిరోమణి పరుగెత్తింది. చదువుకున్న పిల్ల కదా, అధికారికి అర్థమయ్యేలా చెప్పగలనని నమ్మకం. జీవితంలో ఆమె చేసిన పెద్ద తప్పు అదే.

"సార్, ఆపకండి. ఇది కొట్లాట కాదు. మేం తగాదా పడినన్నాళ్ళూ ఎవరూ వల వెయ్యరు. చేపలకి ఇదే కాపలా."

పరాంకుశం గారు కళ్ళజోడు తీశారు. తుడిచారు. పెట్టుకున్నారు. "అనగా, సంఘర్షణయే సంరక్షణ అంటున్నారు."

"అంతే సార్."

"ఇంతటి సంప్రదాయ విజ్ఞానము ఇన్ని తరాలుగా ఏ విధమైన మార్గదర్శకాలూ లేకుండా కొనసాగుతూ ఉండుట మిక్కిలి శోచనీయము" అని ఆయన నిజంగానే బాధపడ్డారు.

పదిహేను రోజుల్లో మార్గదర్శకాలు వచ్చాయి. నలభై ఎనిమిది పేజీలు. మొదటి నిబంధన, సంప్రదాయాన్ని అక్షరాలా పాటించాలి, దాని ఫలితానికి సభలో ఉన్న ప్రతి ఒక్కరూ కట్టుబడాలి అని. రెండో నిబంధన నుంచి సంప్రదాయాన్ని ఎలా మార్చాలో ఉంది. ఇకపై తగాదా సోమ, గురువారాల్లో ఉదయం పదిన్నర నుంచి ఒంటిగంట వరకు మాత్రమే. మధ్యలో టీ విరామం. మూడు తెగలకూ సమాన ప్రాతినిధ్యం ఉండాలి కాబట్టి సభకి తలా పన్నెండు తిట్లు. వాడని తిట్లు వచ్చే మూడు నెలలకి బదిలీ చేసుకోవచ్చు. తిట్టదలచినవారు తిట్ల ముసాయిదాను వారం ముందు మూడు ప్రతుల్లో సమర్పించి ఆమోదం పొందాలి. తగాదాదారులకి మెడలో వేసుకునే గుర్తింపు కార్డులు. డిగ్రీ చదివినందుకు శిరోమణికి తగాదా నమోదు కార్యదర్శి పదవి, ఒక లావుపాటి పుస్తకం, ఎవరేమన్నా గౌరవప్రదమైన భాషలో రాయాలన్న ఉత్తర్వు.

తర్వాత పట్నం నుంచి శిక్షకుడొకాయన వచ్చి తగాదా నైపుణ్యాల మీద రెండు రోజులు పాఠం చెప్పాడు. కన్నమ్మను ముందు వరసలో కూర్చోబెట్టాడు. ఎదుటివారిని తిట్టబోయే ముందు లోతుగా ఊపిరి పీల్చి, 'నాకు బాధ కలిగింది' అని మొదలుపెట్టాలని నేర్పాడు.

"నాకెందుకు కలుగుద్ది బాధ?" అంది కన్నమ్మ. "కలగాల్సింది ఆడికి గదా."

శిక్షకుడు ఆమెకు మరో రెండు రోజుల ప్రత్యేక శిక్షణ అవసరమని రాసుకున్నాడు.

మొదటి సభకి ముసాయిదాలు అందక ఎర్రనీళ్ళ రోజు తిట్లే మళ్ళీ తిట్టారు. ఆ తర్వాత ముసాయిదాలు తిరిగి వచ్చాయి. వాటి నిండా ఎర్రసిరా. తాతల ప్రస్తావన ఉన్న తిట్లన్నీ కొట్టేశారు, మృతులకు జవాబు చెప్పుకునే అవకాశం లేదు కనుక. పిల్లులు ఏకాదశి ఉంటున్న తిట్టు రెండు శాఖల పరిశీలనకు వెళ్ళింది, ఒకటి పిల్లి గురించి, ఒకటి ఏకాదశి గురించి. ఆమోదం పొందిన తిట్లు ముందుగానే అచ్చువేసి మూడు ఊళ్ళకీ పంచారు. దానితో సభలో ఎవరు ఏ తిట్టు తిట్టబోతున్నారో అందరికీ తెలిసిపోయేది. కన్నమ్మ ఏడో తిట్టు చదవగానే కోటిరెడ్డి తన కాగితం చూసుకుని, "అందిందమ్మా" అనేవాడు. దాసు ఒక గురువారం జ్వరంతో రాలేకపోతే అతని పన్నెండు తిట్లనీ అతని తరఫున కన్నమ్మే చదవాల్సి వచ్చింది. అందులో ఎనిమిది ఆమె మీదే. కోరం పోకూడదు కదా.

శిరోమణి మాత్రం ఇవన్నీ సరదాగానే చూసింది. లావు పుస్తకానికి అట్టవేసుకుంది. నీలం సిరా పెన్ను వాసన ఆమెకి ఇష్టం. సభ అయ్యాక ముత్యం ఏటి గట్టున కలిసి, సీతాఫలాలు దోసిట్లో పెట్టేవాడు. ఇద్దరూ వెళ్ళి ఇల్లు చూసుకుని వచ్చేవారు. లోపలికి పోకూడదు కాబట్టి బయట నిలబడి, కిటికీలోంచి ఇంటినీ, ఇంటి అవతలి గుమ్మంలోంచి కొండనీ చూసేవారు.

దసరా దాటింది. నీళ్ళు తేటపడ్డాయి. ఒక పొద్దున శిరోమణి మడుగులో గులకరాయి వేసింది. అది అటూ ఇటూ ఊగుతూ వెళ్ళి అడుగున కూర్చుని, తెల్లగా కనిపించింది. దాని పక్కనుంచి చేపపిల్లల గుంపు బడి వదిలినట్టు పోయింది. ఆ పిల్ల అక్కడి నుంచి సభ దాకా ఒక్క పరుగున వచ్చి, నీళ్ళు తేటపడ్డాయని, ఇక పందెం తేల్చి వల వేసుకోవచ్చని చెప్పింది.

పరాంకుశం గారు జాలిగా చూశారు. "అమ్మాయీ, ఈ పథకము అయిదు సంవత్సరములది. అయిదువందల ఇరవై తగాదాలు లక్ష్యము. మనము సాధించినవి ఇరవై ఒకటి. లక్ష్యము చేరకుండా తగాదా ముగించుట సాధ్యపడదు."

"మరి చేపలు సార్?"

"సంరక్షణలో ఉన్నవి."

"నవ్వినవాళ్ళు ఓడినట్టు సార్. ఎవరైనా నవ్వితే అయిపోతుంది."

"సభలో నవ్వుట క్రమశిక్షణారాహిత్యము. ఇరవై రెండవ నిబంధన చూడుడు." ఆయన నిబంధనలన్నీ తనే రాసినా, చూడడానికి మాత్రం పుస్తకం తెరిచేవారు. "అయిననూ ఆమోదిత తిట్లకు ఇంతవరకు ఎవరూ నవ్వలేదు. ఇది మన పథకపు గొప్ప విజయము."

శిరోమణికి అక్కడే ఏడుపొచ్చింది. అయిదేళ్ళు. తాటాకు కప్పు రెండేళ్ళకే చివుకుతుంది. అప్పుడే కోటిరెడ్డి మేకలు రెండు ఆ ఇంట్లో కాపురం పెట్టేశాయి. వాటికి ఏ చేపల కట్టూ లేదు. కిటికీలోంచి ఏరు చూస్తూ నెమరేస్తున్నాయి. మేకల్ని తోలబోయిన ముత్యం, అవి తనకన్నా అదృష్టం చేసుకున్నాయంటూ వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

కన్నమ్మ ఆ రోజు కోడలికి అన్నం వడ్డించి, పులుసు పోసింది. తర్వాత అంది. "అయిదేళ్ళు నీ కాళ్ళు నా పొట్ట మీద మొయ్యాలా ఏంటే? నిద్దట్లో సైకిల్ తొక్కినట్టు తొక్కుతావు. నేను మూడు ఊళ్ళకి సరిపడా తిట్లు మోసినదాన్నే గానీ నీ కాళ్ళు మొయ్యలేను. సదివావు గదా, ఆ సదువుతో తెచ్చిన పీడని ఆ సదువుతోనే వదిలించు."

ఆ మాట శిరోమణికి గుచ్చుకుంది. మర్నాడు పగలంతా ఏటి గట్టున కూర్చుని నలభై ఎనిమిది పేజీలూ చదివింది. అంతవరకు ఆ పని చేసిన మనిషి భూమ్మీద లేడు. పద్నాలుగో నిబంధన దగ్గర ఆమె వేలు ఆగింది. గత సభల నమోదు పుస్తకాన్ని సభలో బిగ్గరగా చదివి ఆమోదం పొందాలట. ఇన్నాళ్ళూ పరాంకుశం గారు టీ చల్లారిపోతుందని 'చదివినట్టు భావించడమైనది' అంటూ వచ్చారు. శిరోమణి పుస్తకం తెరిచి తను రాసింది తనే చదువుకుంది. కాసేపటికి నోట్లో కొంగు కుక్కుకుంది.

సోమవారం సభకి మూడు ఊళ్ళూ వచ్చాయి. సరిగ్గా పదిన్నరకి ఆమె లేచి, పద్నాలుగో నిబంధన ప్రకారం పుస్తకం చదువుతానంది. నిబంధన అన్న మాట వినగానే పరాంకుశం గారు కాదనలేకపోయారు. నిబంధనకి కాదని చెప్పడం ఆయన జన్మలో లేదు. శిరోమణి ఇంటర్లో ఆకాశవాణి వాళ్ళ పోటీకి వెళ్ళి వచ్చిన గొంతుతో మొదలుపెట్టింది.

"మొదటి సభ. గౌరవ సభ్యురాలు శ్రీమతి కన్నమ్మ గారు, గొందికోట వారి వలలయందలి రంధ్రములను మత్స్యములు గుమ్మములుగా పరిగణించుచున్నవని సభ దృష్టికి తెచ్చిరి. సదరు గుమ్మములకు తలుపులు బిగించు విషయము పరిశీలించవలెనని అధ్యక్షులు సూచించిరి."

వెనక ఎవరో దగ్గారు. దగ్గు కాదని అందరికీ తెలుసు. కోటిరెడ్డి మీసం ఒక కొస వణికింది. ఆయన దాన్ని చేత్తో పట్టుకున్నాడు.

"గౌరవ సభ్యులు శ్రీ కోటిరెడ్డి గారు, రేవుపాలెపు మార్జాలములు ఏకాదశీ వ్రతము ఆచరించుచున్నట్లు తెలిపిరి. ద్వాదశి పారణకు తగిన ఏర్పాట్లు ఉన్నవా అని అధ్యక్షులు ప్రశ్నించిరి. లేవని సభ్యులు విచారముతో తెలిపిరి."

దాసు నేల వైపు చూస్తూ కూర్చున్నాడు. భుజాలు మాత్రం వాటంతట అవి ఎగురుతున్నాయి. పరాంకుశం గారు ఇదంతా శ్రద్ధగా వింటూ, తన సూచనలు వచ్చినచోట తల పంకిస్తున్నారు. శిరోమణి అత్త వైపు చూసింది. కన్నమ్మ మొహం రోలులా ఉంది. ఆ రోలు కదిలితే గానీ ఆ పిల్ల పొయ్యి రాజుకోదు.

"గౌరవ సభ్యులు శ్రీ దాసు గారు, శ్రీమతి కన్నమ్మ గారు వండిన పులుసునందలి చేప లేచి కూర్చుండి లవణము కోరినట్లు నివేదించిరి. సదరు చేప తన కోరికను లిఖితపూర్వకముగా సమర్పించలేదని అధ్యక్షులు అభ్యంతరము తెలిపిరి. చేప పేరు, తండ్రి పేరు, చిరునామా సేకరించుటకు ముగ్గురు సభ్యులతో ఉపసంఘము నియమించబడినది. సదరు చేపను ఆ సభ్యులలో ఒకరు తినివేసినట్లు తెలియవచ్చినందున ఉపసంఘము రద్దు చేయబడినది."

కన్నమ్మ పెదవులు బిగించింది. ముక్కుపుటాలు ఎగిరాయి. ముందు చిన్న ఈల లాంటి శబ్దం వచ్చింది. ఆ తర్వాత పాతికేళ్ళుగా దాచిపెట్టిన నవ్వు కట్ట తెగి వచ్చింది. ఆమె పక్కకి ఒరిగి కోటిరెడ్డి భుజం మీద పడింది. కోటిరెడ్డి మీసం వదిలేసి దాసు మీద పడ్డాడు. దాసు ఎవరి మీద పడాలో తెలియక ఇసుకలో పడ్డాడు. మూడు ఊళ్ళూ నవ్వాయి. జీపు డ్రైవరు హారన్ మీద తలపెట్టి నవ్వితే హారన్ కూడా కలిసింది.

పరాంకుశం గారు బల్ల చరిచారు. ఇరవై రెండవ నిబంధన అన్నారు. ఆయన నిబంధన అన్నకొద్దీ జనం ఇంకా నవ్వారు.

అలుపొచ్చి అందరూ కళ్ళు తుడుచుకున్నాక చిక్కొచ్చిపడింది. ముగ్గురూ నవ్వారు, ముగ్గురూ ఓడారు. మరి గెలిచిందెవరు? కోటిరెడ్డి చుట్టూ చూశాడు. ఆయన చూపు వెళ్ళి బల్ల దగ్గర ఆగింది. ఒక్కొక్కరూ అటే చూశారు.

"సారు నవ్వలేదు" అన్నాడు దాసు నెమ్మదిగా. "మొదటి వల సారుది."

తాను ప్రభుత్వ ప్రతినిధినని, తనకు వలతో సంబంధం లేదని పరాంకుశం గారు అన్నారు. శిరోమణి పేజీ తిప్పి మొదటి నిబంధన చదివింది. సంప్రదాయ ఫలితానికి సభలో ఉన్న ప్రతి ఒక్కరూ కట్టుబడాలి. కింద ఆయన సంతకమే. ఆయన ఆ సంతకాన్ని చాలాసేపు పరీక్షించి, అసలుదేనని ఒప్పుకున్నారు.

ఆయనకి విసురువల ఇచ్చి, తాడు మణికట్టుకి చుట్టి, అంచు ఎలా పట్టుకోవాలో కన్నమ్మే చూపించింది. లోతుగా ఊపిరి పీల్చుకోమని కూడా చెప్పింది. పరాంకుశం గారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, విధివిధానాల ప్రకారం మూడు లెక్కపెట్టి వల విసిరారు. వల వెళ్ళింది. వల వెనకే ఆయనా వెళ్ళారు. మొల లోతు నీళ్ళే కాబట్టి టోపీ మాత్రం తడవలేదు. జనం లాగితే వలతో పాటు పైకొచ్చారు. వలలో ఆయన చెప్పు ఒకటి, జానెడు జెల్ల చేప ఒకటి ఉన్నాయి. జెల్ల రెండు మీసాలూ అటొకటి ఇటొకటి ఊపుతూ, గుడ్లు మిటకరించి ఆయన మొహంలోకే చూసింది.

ఆయన దాన్ని చూశారు. కోటిరెడ్డి మీసం చూశారు. మళ్ళీ దాన్ని చూశారు. అప్పుడు పరాంకుశం గారి లోపల ఎక్కడో ఒక దస్త్రం తాడు తెగింది. ఆయన ఇసుకలో కూర్చుని, తడి చొక్కాతో, కడుపు పట్టుకుని నవ్వారు.

"ఇప్పుడు నవ్వి ఏం లాభం సారూ, వల పడిపోయింది" అంది కన్నమ్మ.

ఆ సాయంత్రానికల్లా మూడు ఊళ్ళ వలలూ మడుగులో పడ్డాయి, చేపలు మూడు వాటాలయ్యాయి. జెల్ల కోడలిది. శిరోమణి అది వండి అత్తకి పెట్టింది. కన్నమ్మ మొహం మళ్ళీ రోలైంది. మాట్లాడకుండా ఒక్క ముక్క తిని, చెయ్యి కడుక్కుని, "పో, నీ పొయ్యి నువ్వు రాజేసుకో" అంది. మేకల్ని తోలించి ముత్యం గుమ్మానికి మామిడాకులు కట్టాడు.

పది రోజుల తర్వాత ఉత్తర్వు వచ్చింది. సదరు మూడు తెగల మధ్య తగినంత విభేదములు లేవని క్షేత్రస్థాయిలో రుజువైనందున పథకము ఉపసంహరించుకొనబడినది అని. తగాదాదారుల కార్డులు వెనక్కి పంపమన్నారు. కన్నమ్మ పంపలేదు. ఆ ప్లాస్టిక్కు కార్డుతో పరిగెల పొలుసు బాగా గీయొచ్చని తెలిసింది.

అంతకు ముందు, జెల్ల పడిన ఆ రాత్రే కాపురం మొదలైనప్పుడు శిరోమణి కిటికీ తలుపు బార్లా తీసి, మిగిలిన పులుసు ముత్యానికి వడ్డించి, ఎదురుగా కూర్చుంది. అతను రెండు ముద్దలు తిన్నాడు. చట్టి వైపు వంగి చెవి పెట్టాడు.

"ఏంటి?" అంది శిరోమణి.

"ఏదో అడుగుతోంది."

ఆమె వేలితో పులుసు నాకి చూసింది. ఉప్పు వెయ్యనే లేదు. సంబరంలో మర్చిపోయింది. అత్త తిని కూడా ఒక్క మాట అనలేదు. ఆ సంగతి అప్పుడు తట్టి ఆ పిల్లకి కళ్ళు చెమ్మగిల్లాయి. అంతలోనే మొగుడి మీద కోపమొచ్చింది. ఎంత కోపమొచ్చినా పద్ధతి తప్పకూడదు కాబట్టి, నవ్వినవాళ్ళు గిన్నెలు తోమాలని పందెం కట్టి, అతని వల గురించి, అతని తాత గురించి, అతను అరుగు మీద పెట్టిన గురక గురించి వరసగా తిట్టడం మొదలుపెట్టింది.

మూడో తిట్టు సగంలో గిన్నెలు ఎవరు తోమాలో తేలిపోయింది. కడుపు పట్టుకుని నవ్వుతున్న శిరోమణికి చెయ్యి ఖాళీ లేక ముత్యమే లేచి ఉప్పు తెచ్చాడు.